నేల విడిచిన సాము

నాకు పదిహేడేళ్ళు నిండకముందే కరాటేలో బ్లాక్ బెల్టు వచ్చింది. మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. సాయంత్రం ఐదున్నరకు మునిసిపల్ హైస్కూలు ఆవరణలో నలభై మంది పిల్లలం వరుసలు కట్టి నిలబడేవాళ్ళం, అందులో ఆడపిల్లలం ఐదుగురం. ఆరేళ్ళపాటు అక్కడ నేర్చుకున్నది తక్కువేమీ కాదు. నిద్రలో లేపి అడిగినా పది కతాలు, అంటే ముందే నిర్ణయించిన కదలికల వరుసలు, తప్పు లేకుండా చేయగలిగేదాన్ని. ప్రతి గుద్దుకూ, ప్రతి తన్నుకూ, ప్రతి అడ్డుకూ జపాను పేరు చెప్పి, అది ఎవరు ఎలా మీదికి వచ్చినప్పుడు వాడాలో వివరించగలిగేదాన్ని. ఒక ఆగస్టు 15న ఎమ్మార్వో గారి ఎదుట మూడు బెంగుళూరు పెంకులు మోచేత్తో పగలగొట్టి, మర్నాడు పేపరు జిల్లా ఎడిషన్‌లో ఫొటో కూడా వేయించుకున్నాను. ఆ పెంకులను ఏరి ఏరి, రెండు రోజులు ఎండబెట్టి మరీ తెచ్చామన్న సంగతి మాత్రం ఫొటోలో పడలేదు.

తరువాత చదువు, ఉద్యోగం, పెళ్ళి, పాప. ముప్పై ఒకటో ఏట హైదరాబాదులో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న జూడో క్లబ్బులో చేరాను. పాత విద్య ఉంది కనుక ఇదీ త్వరగానే పట్టుబడుతుందని నా ధీమా. మూడో వారంలో నన్ను తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఎదుట నిలబెట్టారు. నాకంటే పది కిలోలు తేలిక. మూడు నిమిషాల్లో ఆ పిల్ల నన్ను ఐదుసార్లు చాప మీద పడేసింది. పడేసిన ప్రతిసారీ "సారీ ఆంటీ" అంటూ చెయ్యి అందించింది. దెబ్బ కంటే ఆ మర్యాదే ఎక్కువ తగిలింది. అయితే ఓడిపోయినందుకు నాకు ఆశ్చర్యం కలగలేదు. వెల్లకిలా పడి ఉన్న నేను, ఇప్పుడు నా మీద ప్రయోగించిన పట్టు ఏమిటో, దాని పేరేమిటో, దానికి విరుగుడేమిటో గడగడా చెప్పగలిగే స్థితిలో ఉన్నాను, ఎందుకంటే క్లబ్బులో చేరకముందే జూడో గురించి రెండు పుస్తకాలు చదివాను. పడ్డాక అంతా తెలుస్తోంది. పడకముందు ఏమీ తెలియడం లేదు. ఆ వింతే నన్ను పట్టుకుంది.

చదువు తలకెక్కడం వేరు, ఒంటబట్టడం వేరు అని మన భాషకు ఏనాటి నుంచో తెలుసు. నేల విడిచి సాము చేయడం, గోదాలోకి దిగడం, పట్టువిడుపులు, ఉడుంపట్టు, చెయ్యి తిరగడం: ఇవాళ ఎక్కువగా రాజకీయ వార్తల్లోనే వినిపిస్తున్న ఈ మాటలు తాలింఖానాలో వస్తాదు ముందు చెమటోడ్చినవాళ్ళ నోట నలిగి ఉంటాయి. వీటిలో చాలావాటికి రెండో మనిషి కావాలి. గోదాలో ఒంటరిగా దిగి చేసేదేమీ లేదు. పట్టు అంటే ఎవరినో పట్టుకోవడమే, విడుపు అంటే ఎవరి పట్టునో విడిపించుకోవడమే. మేము హైస్కూలు ఆవరణలో ఆరేళ్ళు చేసిన దానిలో లోపించింది సరిగ్గా ఆ రెండో మనిషి.

మనుషులు లేక కాదు, నలభై మందిమి ఉన్నాం. ఇద్దరిద్దరుగా నిలబడి ఒకరు గుద్దడం, ఒకరు అడ్డుకోవడం రోజూ చేసేవాళ్ళం. కానీ గుద్దేవాడు ఎటు గుద్దుతాడో ముందే చెప్పేవాడు, ఒక్క గుద్దు గుద్ది చెయ్యి చాచినట్టే ఉంచి ఆగిపోయేవాడు, ఆ చెయ్యి నా ముఖానికి జానెడు దూరంలోనే నిలిచిపోయేది. నేను చేతులు కట్టుకుని నిలబడినా నాకు తగలని గుద్దులను ఆరేళ్ళపాటు అడ్డుకున్నాను. ఆ అడ్డు ఎంత అందంగా ఉండేదో, ఎంత కచ్చితమైన కోణంలో ఉండేదో చెప్పలేను. గ్రేడింగు పరీక్షలో దానికే మార్కులు.

నేను వాదించదలచుకున్నది ఇదే: యుద్ధవిద్యలో తెలిసినది చేతనైనదిగా మారాలంటే, మన ప్రయత్నం ఫలించడం ఇష్టంలేని మనిషి ఎదుట ఉండాలి. ఎన్ని వేలసార్లు చేశామన్నది రెండో ప్రశ్న. ఎవరి మీద, ఏ ఒప్పందం మీద చేశామన్నది మొదటి ప్రశ్న. ఆ అయిష్టాన్ని శిష్యుడు తట్టుకోగలిగినంత మోతాదులో కొలిచి పోయడమే గురువు పనితనం.

జూడోను స్థాపించిన కానో జిగోరో జీవితం దీనికి నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ. 1860లో పుట్టిన కానో 1877లో, తోక్యో విశ్వవిద్యాలయంలో చదువు మొదలుపెట్టిన సంవత్సరంలోనే, ఫుకుదా హచినోసుకె అనే జుజుత్సు (జపాను పాత మల్లవిద్య) గురువు దగ్గర చేరాడు. ఆ రోజుల గురించి ఆయనే తరువాత చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. గురువు తనను ఒక తీరులో విసిరితే, చేతులు ఎటు వేయాలి, కాళ్ళు ఎటు వేయాలి అని కానో అడిగాడు. రమ్మని పిలిచి గురువు మళ్ళీ విసిరాడు. లేచి మళ్ళీ అడిగితే మళ్ళీ విసిరాడు. అలా కొన్నిసార్లు అయ్యాక, ఇది చెబితే తెలిసేది కాదని, ఎన్నోసార్లు చేస్తేనే వస్తుందని అన్నాడు. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడ ఆపేసి, చూశారా, పుస్తకజ్ఞానం పనికిరాదు అని తేల్చేస్తారు.

కానీ కథ అక్కడ ఆగదు. అదే శిక్షణశాలలో ఫుకుషిమా అనే భారీ మనిషి ఉండేవాడు. బక్కపలచని కానో అతన్ని ఎన్నడూ పడగొట్టలేకపోయాడు. ఒక మాజీ సుమో మల్లుణ్ణి అడిగి కొన్ని పట్లు తెలుసుకుని ప్రయత్నించాడు, ఫలించలేదు. అప్పుడు కానో చేసిన పని విద్యార్థి చేసే పని: పుస్తకాలు తిరగేశాడు. పాశ్చాత్య కుస్తీ గురించిన ఒక పుస్తకంలో, ఎదుటివాణ్ణి భుజాల మీదికి అడ్డంగా ఎత్తి పడేసే పట్టు ఆయన కంటపడింది. దాన్ని సాధన చేసి, ఫుకుషిమా మీద ప్రయోగించి, పడగొట్టాడు. జూడోలో 'కతాగురుమ' అన్న పేరుతో ఆ పట్టు ఇప్పటికీ ఉంది. పుస్తకం పనికొచ్చింది. ఎందుకు పనికొచ్చిందంటే, పుస్తకం తెరవడానికి ముందే కానో దగ్గర ఒక ప్రశ్న ఉంది, ఆ ప్రశ్నకు ఒక పేరూ, ఒక బరువూ, పడటానికి ససేమిరా ఒప్పుకోని స్వభావమూ ఉన్నాయి. నేను రెండు పుస్తకాలు చదివి క్లబ్బుకు వెళ్ళినప్పుడు నా దగ్గర జవాబులే ఉన్నాయి. ప్రశ్న తొమ్మిదో తరగతి అమ్మాయి దగ్గర ఉంది.

1882లో, ఇరవై రెండేళ్ళు కూడా నిండకముందు, కానో తోక్యోలోని ఎయిషోజి అనే గుడిలో పన్నెండు చాపలు పట్టే గదిలో కొడోకాన్ అనే తన జూడో శిక్షణశాలను ప్రారంభించాడు. మొదటి ఏడాది తొమ్మిదిమంది శిష్యులు. రందోరి, అంటే ఇద్దరూ ఒకరినొకరు పడగొట్టడానికి నిజంగా ప్రయత్నించే స్వేచ్ఛా సాధన, ఆయన కనిపెట్టింది కాదు. పాత జుజుత్సు శాఖల్లో కొన్నింటిలో అది ముందే ఉంది. ఆయన చేసిందల్లా దాన్ని విద్యకు నడుమ కూర్చోబెట్టడం. అందుకోసం ఒక బేరం ఒప్పుకోవలసి వచ్చింది. గుద్దులు, తన్నులు, కళ్ళూ మర్మస్థానాలూ లక్ష్యంగా చేసే దెబ్బలు, పూర్తి బలంతో చేస్తే మనిషిని అవిటివాణ్ణి చేసేవన్నీ రందోరి నుంచి తీసి కతాలలోకి పంపేశాడు. మిగిలినవాటిని పూర్తి బలంతో, పూర్తి మోసంతో, పూర్తి అయిష్టం ఎదుట, వారానికి ఎన్నిసార్లయినా చేసుకునే వీలు కల్పించాడు. అందుకు ముందుగా అందరికీ పడటం నేర్పించాడు.

ఈ బేరంలో ఉన్న తిరకాసు నాకు చాలాకాలం అర్థం కాలేదు. మా కరాటే తరగతిలో గొంతు మీద చేతి అంచుతో కొట్టే దెబ్బ ఒకటి నేర్పారు, అది ప్రాణాంతకమని మాస్టారు గంభీరంగా హెచ్చరించేవారు. ప్రాణాంతకం కనుకనే దాన్ని ఎవరూ ఎవరి మీదా ఒక్కసారి కూడా వేయలేదు. ఎవరి మీదా వేయలేదు కనుక, కదులుతున్న, గడ్డం దించుకున్న, చేతులు అడ్డుపెట్టుకున్న గొంతు ఎక్కడ ఎప్పుడు దొరుకుతుందో మాలో ఎవరికీ తెలియదు. తొమ్మిదో తరగతి పిల్ల నన్ను పడేసిన పట్టు ప్రమాదం లేనిది కనుకనే ఆ పిల్ల దాన్ని అప్పటికే కొన్ని వందలమంది మీద, వాళ్ళు ఒప్పుకోనప్పుడు, చేసి ఉంది. భయంకరమైన విద్య మా దగ్గర ఉంది, పనిచేసే విద్య ఆ పిల్ల దగ్గర ఉంది. జపానులోనే కత్తిసాము చేసేవాళ్ళు ఇదే చిక్కును 18వ శతాబ్దంలో మరో దారిలో విప్పుకున్నారు: వెదురుబద్దల కత్తి, ముఖానికీ ముంజేతులకూ కవచం. ఆయుధం మొద్దుబారాకే దెబ్బ నిజమైంది.

ఇక నా సొంత పాఠానికి వస్తాను. జూడోలో 'దెయాషి బరాయి' అనే కాలిఊడ్పు ఉంది. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: ఎదుటివాడు ముందుకు అడుగు వేస్తున్నప్పుడు, ఆ పాదం మీద ఇంకా పూర్తి బరువు పడకముందు, దాన్ని మన అరికాలితో అది పోతున్న దిక్కుకే ఊడ్చి, అదే క్షణంలో చొక్కా చేతిని కిందికి లాగాలి. అరటితొక్క మీద కాలేసినవాడు పడినట్టు పడతాడు. ఐదు నిమిషాల్లో నాకు అర్థమైంది. నిలబడి ఉన్న మనిషి మీద వారం రోజుల్లో చక్కగా వచ్చింది. ఆపైన రోజుకు వందసార్లు చొప్పున, కదలకుండా నిలబడి నా సాధనకు సహకరించే తోడుతో మూడు నెలలు చేశాను. రందోరిలో ఆ మూడు నెలల్లో ఒక్కసారి కూడా పని చేయలేదు. నేను ఊడ్చేసరికి పాదం నేలలో పాతుకుని ఉండేది, లేదా అప్పటికే వెళ్ళిపోయి ఉండేది. ఎదుటివాళ్ళ చీలమండలు తన్నీ తన్నీ క్లబ్బులో నాకు ఒక ముద్దుపేరు కూడా వచ్చింది, అది ఇక్కడ రాయను.

ఆ స్థితిలో మా కోచ్ నాకు కొత్తగా ఏమీ చెప్పలేదు. చెప్పడం మానేశారు కూడా. ఊడ్చవద్దు, ఇద్దరూ చొక్కా చేతులు పట్టుకుని చాప మీద నడవండి, ఎదుటి మనిషి ఏ పాదం మీదికి బరువు మారుస్తోందో ఆ క్షణంలో "ఇదిగో" అను, అంతే అన్నారు. కళ్ళు మూసుకుని కూడా చేయించారు. మొదటి రోజుల్లో నా "ఇదిగో" ప్రతిసారీ ఆలస్యం. పాదాన్ని చూసి చెబుతున్నంతకాలం ఆలస్యమే అవుతుందని, బరువు మారబోతున్న సంగతి పాదం కంటే ముందు చొక్కా చేతి బిగువులో తెలుస్తుందని రెండు వారాలకు నా చేతులకు అర్థమైంది, ఆ తరువాత నాకు అర్థమైంది. అప్పుడు ఊడ్చడానికి అనుమతి ఇచ్చారు, కానీ అవతలి మనిషికి కాలు తప్పించుకునే హక్కు కూడా ఇచ్చారు. ఆ తరువాత అవతలివాళ్ళు కూడా ఊడ్చవచ్చన్నారు, ఇంకే పట్టూ వాడకూడదన్నారు. చివరికి అన్ని పట్లూ ఉన్న రందోరి. కాలిఊడ్పుతో మొదటిసారి నిజంగా ఒకరిని పడగొట్టినప్పుడు ఏడు నెలలు గడిచాయి. నా అరికాలికి ఏమీ తగిలినట్టే అనిపించలేదు. తానే జారిందేమో అనుకుని నేను ఆమెకు సారీ చెప్పాను.

ఆ ఏడు నెలల్లో నా కాలి కదలికలో వచ్చిన మార్పు చాలా స్వల్పం. మొదటి వారంలో వీడియో తీసి ఉంటే, ఏడో నెలలో తీసినదానితో పోల్చి చూసినవాళ్ళకు తేడా కనిపించేది కాదేమో. మారింది, ఎప్పుడు కదలాలో తెలియడం. విద్యలో ఎక్కువ భాగం చేయడంలో లేదు, గుర్తుపట్టడంలో ఉంది. కదలని మనిషి మీద ఎన్ని వేలసార్లు చేసినా గుర్తుపట్టవలసినదేమీ ఉండదు కనుక, ఆ భాగం పెరగదు. కానో కూడా తాను ఎదుటివాడి తూకం తప్పించడంలోని కిటుకును 1885 ప్రాంతంలో తన మరో గురువు ఈకుబోతో రందోరి చేస్తూ గ్రహించానని చెప్పుకున్నాడు. అంతకుముందు తనను విసిరేసే గురువును ఆరోజు తానే విసరగలిగాడట. ఆయన బలం ఒక్కరోజులో పెరగలేదు కదా.

రోజుకు వంద అనే లెక్కను నమ్మేవాళ్ళు ఇక్కడ అడ్డుతగులుతారు. సాధనే కదా అన్నిటికీ మూలం, చేయగా చేయగా రానిది ఏముంది అంటారు. కానీ 1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ అనే శాస్త్రవేత్త, ఉలి మీద సుత్తితో కొట్టే చెయ్యి తిరిగిన పనివాళ్ళ కదలికలను ఫొటోలు తీసి కొలిచాడు. సుత్తి మొన దాదాపు ఒకే చోట పడుతోంది, కానీ భుజమూ మోచేయీ మణికట్టూ ఏ రెండు దెబ్బల్లోనూ ఒకే తీరున కదలడం లేదు. అంటే నైపుణ్యం ఉన్నవాడు ఒకే కదలికను పదేపదే చేయడం లేదు. ఒకే సమస్యను ప్రతిసారీ కొత్తగా పరిష్కరిస్తున్నాడు. దీన్నే ఆయన తరువాత పునరుక్తి లేని పునరుక్తి అన్నాడు. మా కరాటే మాస్టారు మమ్మల్ని ఒకే కోణంలో, ఒకే ఎత్తులో, ఒకే లెక్క మీద చేతులు ఆడించమన్నప్పుడు మేము చేసింది పునరుక్తి ఉన్న పునరుక్తి.

మరి ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు శిక్షణశాలలు పాత పద్ధతినే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నాయి? 1979లో అమెరికాలో జాన్ షే, రాబిన్ మోర్గన్ అనే ఇద్దరు చేసిన ఒక ప్రయోగం దీనికి కొంత సమాధానం ఇస్తుందని నా అభిప్రాయం. చేతి కదలికలు మూడు రకాలు ఎంచుకుని, కొందరిచేత ఒకటి పూర్తయ్యాక మరొకటి చొప్పున వరుసగా చేయించారు, మరికొందరిచేత మూడింటినీ కలగాపులగంగా చేయించారు. సాధన జరుగుతున్నంతసేపూ వరుసగా చేసినవాళ్ళే మెరుగ్గా కనిపించారు. పది రోజుల తరువాత పరీక్షిస్తే కలగాపులగంగా చేసినవాళ్ళకే బాగా గుర్తుంది. నేర్పుతున్న సాధన చూడటానికి బాగుండదు. చూడటానికి బాగున్న సాధన నేర్పడం లేదు. గోడ పక్కన కుర్చీల్లో కూర్చుని, నెలకు ఫీజు కట్టి, పిల్లలు వరుసగా ఒకే అరుపుతో ఒకే గుద్దు గుద్దుతుంటే మురిసిపోయే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పగలిగే మాస్టారు ఎంతమంది ఉంటారు? పిల్లలు తడబడుతూ, పట్టు జారుతూ, నవ్వుకుంటూ, పడుతూ లేస్తూ ఉన్న తరగతిని చూసి, ఇక్కడ క్రమశిక్షణ లేదని పిల్లను మాన్పించిన ఒక తండ్రిని నేను ఎరుగుదును.

ఇంతవరకు చదివినవాళ్ళు, అయితే కతాలన్నీ తీసి అవతల పారేసి మొదటి రోజు నుంచే కొట్టుకోమంటున్నావా అని అడగవచ్చు. అలా అనేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు, వాళ్ళు చేసే చెరుపు మరో రకం. పడటం రాని మనిషిని మొదటి వారంలోనే పూర్తి బలంతో వచ్చే మనిషి ఎదుట నిలబెడితే, ఆ మనిషి నేర్చుకునేది ఒక్కటే: చేతులు కర్రల్లా బిగించి, నడుము వెనక్కి పెట్టి, ఏమీ జరగకుండా కాలం గడపడం. అది కూడా ఒంటబడుతుంది, వదిలించుకోవడానికి రెండేళ్ళు పడుతుంది. మోకాళ్ళూ భుజాలూ పోయినవాళ్ళు మానేస్తారు. మిగిలిన గట్టివాళ్ళను చూపించి పద్ధతి గొప్పదంటారు. మానేసినవాళ్ళు ఎవరికీ కనిపించరు. ఆడవాళ్ళకు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కష్టం ఒకటుంది, దాని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. మగ తోడు పాపం మర్యాదస్తుడైతే, నేను సగం లాగేసరికి తానే పడిపోతాడు. ఆ మర్యాద నా నుంచి ఒక పాఠాన్ని దొంగిలిస్తుంది. నేను చేసినది పనిచేసిందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు, పైగా పనిచేసిందని నమ్మి ఇంటికి వెళ్తాను. పూర్తి బలంతో విసిరేసేవాడి దగ్గర కనీసం అబద్ధం లేదు.

కతా విషయంలో కానో మాటే నాకు సమ్మతం. ఆయన కతాను వ్యాకరణంతోనూ రందోరిని స్వేచ్ఛగా చేసే రచనతోనూ పోల్చాడు. సవర్ణదీర్ఘమూ గుణసంధీ ఉదాహరణలతో సహా అప్పజెప్పి పదో తరగతిలో తెలుగులో తొంభై మార్కులు తెచ్చుకుని, ఇంటికి నాలుగు వాక్యాల ఉత్తరం రాయలేనివాళ్ళు మనలో ఎందరు లేరు? అలాగని వ్యాకరణం వద్దనలేం. రాయడం మొదలుపెట్టినవాడికి, ఎక్కడో వాక్యం కుంటుతోందని అనిపించినవాడికి, అది దీపంలా పనికొస్తుంది. రెండేళ్ళు రందోరి చేశాక నేను మా పాత కరాటే కతాలు మళ్ళీ చేసి చూసుకున్నాను. గుద్దును అడ్డుకోవడమని మాకు నేర్పిన కదలికల్లో ఒకటి, మణికట్టు పట్టుకున్న చెయ్యిని విడిపించుకుని అదే చేత్తో ఎదుటివాణ్ణి లాగడంలా కనిపించింది. అది మొదట అందుకోసమే పుట్టిందో లేదో నేను చెప్పను. నా చేతులకు అప్పటికి ఒక ప్రశ్న తెలుసు కనుక ఆ కదలికలో జవాబు కనిపించింది, అంతవరకే.

వీధిలో నియమాలుండవు కదా, నియమాలున్న రందోరి అసలు పోరుకు ఎలా పనికొస్తుంది అన్న ఆక్షేపణ మాత్రం బరువైనదే. నియమం ఎక్కడ ఉంటే అక్కడ కంటికి గంత ఉంటుంది. అంతర్జాతీయ జూడో సమాఖ్య 2010లో నేరుగా కాళ్ళు పట్టుకోవడాన్ని పోటీల్లో చాలావరకు కట్టడి చేసి, 2013లో పూర్తిగా నిషేధించింది. ఆ తరువాత జూడో నేర్చుకున్న పిల్లలు, కుస్తీ తెలిసినవాడు కాళ్ళకోసం దూకితే మా తరంవాళ్ళ కంటే తేలిగ్గా దొరికిపోతున్నారని నా పరిశీలన. కానో గ్రంథాలయంలో వెతికి తెచ్చుకున్న కతాగురుమ సైతం, కాలు పట్టుకుని ఎత్తే దాని పాత రూపంలో, ఇవాళ ఆ సమాఖ్య పోటీల్లో వేస్తే తప్పే. దీన్ని ఒప్పుకుంటాను. కానీ ఈ ఆక్షేపణ చేసేవాళ్ళలో చాలామంది చూపించే ప్రత్యామ్నాయం, ఎవరి మీదా ఎన్నడూ వేయని గొంతు దెబ్బే. గంతలు కట్టుకున్న గుర్రం కనీసం నడుస్తుంది.

ఈ చర్చంతా నాకు శాస్త్రవినోదం కాకుండా పోయింది ఆడపిల్లల ఆత్మరక్షణ శిబిరాల వల్ల. గత ఆరేళ్ళుగా కాలేజీలవాళ్ళు నన్ను పిలుస్తున్నారు: ఒక్క పూట, రెండు వందల మంది, సెమినార్ హాలు, చివర సర్టిఫికెట్లు. మొదట్లో సంతోషంగా వెళ్ళాను. చేయి పట్టుకుంటే ఇలా, వెనకనుంచి పట్టుకుంటే ఇలా, జుట్టు పట్టుకుంటే ఇలా అని పన్నెండు పట్లు, పన్నెండు విడుపులు చూపించేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. మూడో ఏడాది ఒక కాలేజీలో కార్యక్రమం అయ్యాక ఒక అమ్మాయి దగ్గరకు వచ్చి, "మేడమ్, మా కజిన్ మీద ట్రై చేశాను, రాలేదు, వాడు నవ్వాడు" అంది. నేను చూపించినది తప్పు కాదు. ఆ పిల్ల మరిచిపోనూ లేదు, అడుగులన్నీ సరిగ్గా చెప్పింది. ఆ కజిన్ గట్టిగా పట్టుకున్నాడు, అంతే. నా పన్నెండు పట్లనూ ఆ హాల్లో ఆ పిల్ల, తనలాగే మొహమాటపడుతూ చెయ్యి పట్టుకున్న స్నేహితురాలి మీద ఒక్కొక్కసారి చేసి చూసింది. నేను హైస్కూలు ఆవరణలో ఆరేళ్ళు తిన్న మోసాన్ని ఆ పిల్లకు రెండు గంటల్లో పెట్టి పంపించాను.

శిబిరాలు వృథా అనడం కూడా సరికాదు. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది విద్యార్థినులకు ఒక శిక్షణ ఇచ్చి, ఫలితాలను 2015లో ప్రచురించారు. మూడేసి గంటల చొప్పున నాలుగు భాగాలు, మొత్తం పన్నెండు గంటలు. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందినవాళ్ళలో 5.2 శాతం, కరపత్రాలు మాత్రమే అందుకున్నవాళ్ళలో 9.8 శాతం. పన్నెండు గంటల్లో చేతులూ కాళ్ళూ ఆడించడం కొంత భాగమే. పరిచయస్తుల మధ్యే ప్రమాదం ఎలా మొదలవుతుందో గుర్తుపట్టడం, గుర్తుపట్టాక కూడా మాట రానివ్వని మొహమాటాన్ని దాటడం, నోరు తెరిచి వద్దనడం: ఇవి మిగతా భాగం. కాలిఊడ్పులో నాకు ఏడు నెలలు పట్టిన భాగం ఏదో, ఇక్కడా బరువైన భాగం అదే. పాదం మీద బరువు పడకముందే పసిగట్టడం.

అందుకని ఇప్పుడు పిలిచిన కాలేజీలకు ఒక్క పూట రానని చెబుతున్నాను. పన్నెండు శనివారాలు, ముప్పై మందికి మించకుండా అడుగుతున్నాను. చాలామంది మళ్ళీ ఫోన్ చేయరు. ఈ ఏడాది ఒక కాలేజీ బేరమాడి నాలుగు శనివారాలు ఇచ్చింది, సర్టిఫికెట్లు తప్పనిసరి అంది, సరేనన్నాను. పన్నెండు పట్లలో పదకొండు తీసేశాను. మిగిలింది మణికట్టు విడిపించుకోవడం ఒక్కటే. పట్టుకునేవాళ్ళకు నేను ఇచ్చే సూచన మొదటి వారం సగం బలం, రెండో వారం విడవవద్దు, మూడో వారం పట్టుకుని లాక్కుపోవాలి, నాలుగో వారం అరుస్తూ, మాట్లాడుతూ, మంచిమాటలు చెబుతూ పట్టుకోవాలి. నాలుగో వారానిది చాలా కష్టమని నా అనుమానం, ఎందుకంటే మంచిమాట చెబుతూ పట్టుకున్న చేతిని విదిలించుకోవడం మన పిల్లలకు ఎవరూ నేర్పలేదు.

మొదటి శనివారం పడటంతో మొదలుపెడతాం. కాలేజీలో చాపలు లేవు. పాత బొంతలు, పరుపులు ఏవైనా ఉంటే తెచ్చుకోమని పిల్లలకు చెప్పించాను. నేనూ మా ఇంట్లోవి రెండు ఎండలో వేశాను.